సౌరశక్తితో గృహ, కార్యాలయాల శీతలీకరణ: పద్ధతులు – వేళల సమస్య

వ్యాససంగ్రహం

ఎండ తీవ్రంగా ఉన్నప్పుడే చల్లదనం అవసరం ఎక్కువవుతుంది. సౌరశక్తి లభ్యత కూడా అప్పుడే ఎక్కువ. ఈ పొంతనను ఆధారం చేసుకొని, సూర్యరశ్మితో భవనాలను చల్లబరచే ప్రయత్నాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచి సాగుతున్నాయి. అయితే ఈ పొంతన కార్యాలయాల విషయంలో ఎంత నిజమో, ఇళ్ళ విషయంలో అంత నిజం కాదు. కార్యాలయానికి చల్లదనం పగలు కావాలి. ఇంటికి ముఖ్యంగా రాత్రి కావాలి. సౌరశీతలీకరణలోని ప్రధాన పద్ధతులను, అవి పనిచేసే తీరును వివరించి, ఈ వేళల అంతరం ఏ పద్ధతి ఎక్కడ తగినదో ఎలా నిర్ణయిస్తుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు రాష్ట్రాల వాతావరణం, కట్టడాల తీరు, ప్రభుత్వ విధానాలు ఇందులో ఉదాహరణలు.

కీలకపదాలు: సౌరశక్తి, శీతలీకరణ, శోషణయంత్రం, సౌరఫలకాలు, చల్లని కప్పు, శక్తినిలవ, వడగాడ్పులు.

1. ఉపోద్ఘాతం

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా, తెలంగాణలో ఐదువందల మందికి పైగా మరణించారు. వడదెబ్బ ముప్పు అందరికీ సమానం కాదు. ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు, చల్లబడని ఇళ్ళలో రాత్రులు గడిపేవారు దీనికి ఎక్కువగా గురవుతారు. పగలంతా వేడికి లోనైన శరీరం రాత్రి చల్లబడితేనే తేరుకొంటుంది. రాత్రి కూడా గది వేడిగానే ఉంటే ఆ అవకాశం పోతుంది. కాబట్టి శీతలీకరణను కేవలం సౌఖ్యానికి సంబంధించిన విషయంగా చూడడం సరికాదు. అది ప్రజారోగ్యానికి సంబంధించిన విషయం కూడా.

అంతర్జాతీయ శక్తి సంస్థ 2018లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని భవనాల్లో వాడే విద్యుత్తులో దాదాపు ఐదోవంతు ఏసీలకు, ఫ్యాన్లకే ఖర్చవుతున్నది. అప్పటికి 160 కోట్లు ఉన్న ఏసీల సంఖ్య 2050 నాటికి 560 కోట్లకు చేరవచ్చునని ఆ నివేదిక అంచనా. అత్యంత వేడి ప్రాంతాల్లో నివసించే 280 కోట్ల మందిలో ఏసీ ఉన్నవారు 8 శాతమేనని కూడా అదే నివేదిక తెలిపింది. అంటే చల్లదనం అవసరమైనవారిలో అత్యధికులకు అది ఇంకా అందలేదు. అందరికీ అందించడానికి కావలసిన విద్యుత్తును బొగ్గుతోనే ఉత్పత్తి చేస్తే భూతాపం మరింత పెరిగి, చల్లదనం అవసరాన్ని ఇంకా పెంచుతుంది. ఈ విషవలయం నుంచి బయటపడే మార్గంగా సౌరశక్తి కనిపిస్తున్నది. ఆ మార్గం ఎంతవరకు తీసుకువెళ్తుందో పరిశీలించవలసి ఉంది.

2. శీతలీకరణ – పారిభాషిక పదాలు

చల్లదనం అనేది విడిగా తయారుచేసే పదార్థం కాదు. ఒకచోట ఉన్న వేడిని తీసి మరొకచోట వదలడమే శీతలీకరణ. కొత్తకుండలోని నీరు ఇందుకు అందరికీ తెలిసిన నిదర్శనం. కుండ గోడల సూక్ష్మరంధ్రాల నుంచి చెమ్మగిల్లిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీటి నుంచి తీసుకొంటుంది. వట్టివేళ్ళ తడికలు, కూలర్లు, ఏసీలు అన్నీ ద్రవం ఆవిరయ్యేటప్పుడు వేడిని గ్రహిస్తుందన్న ఈ సూత్రం మీదే ఆధారపడ్డాయి. కుండలో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది. ఏసీలో మాత్రం ఆవిరైన పదార్థాన్ని తిరిగి ద్రవంగా మార్చి, మళ్ళీమళ్ళీ వాడతారు. ఆ పదార్థాన్ని శీతలకం అంటారు. ఆవిరిని తిరిగి ద్రవంగా మార్చడానికే శక్తి ఖర్చవుతుంది.

ఈ వ్యాసంలో తరచు వచ్చే మరి రెండు పదాలను వివరించాలి. ఏసీ సామర్థ్యాన్ని చెప్పే ‘టన్ను’ యంత్రం బరువును సూచించదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని అదే కాలంలో తొలగించే సామర్థ్యం అది. మంచుగడ్డలతో గదులను చల్లబరచిన కాలం నుంచి మిగిలిన ఈ కొలత దాదాపు 3.5 కిలోవాట్లకు సమానం. రెండోది ‘పనితీరు గుణకం’. యంత్రానికి ఇచ్చిన ఒక యూనిట్ శక్తికి ఎన్ని యూనిట్ల వేడి తొలగిందో ఇది చెబుతుంది. గుణకం 3.5 అంటే ఒక యూనిట్ విద్యుత్తుతో మూడున్నర యూనిట్ల వేడిని బయటికి పంపినట్లు.

3. చారిత్రక నేపథ్యం

సూర్యరశ్మితో చల్లదనం అనే భావన విద్యుత్ ఏసీ కన్నా పాతది. ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్డినాండ్ కారే పంతొమ్మిదో శతాబ్దపు మధ్యకాలంలో అమోనియా, నీరు వాడి, వేడితో నడిచే మంచుయంత్రాన్ని రూపొందించాడు. ఆ దేశస్థుడే అయిన గణిత అధ్యాపకుడు ఓగస్టిన్ మూషో 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెద్ద దర్పణంతో సూర్యరశ్మిని కేంద్రీకరించి, ఆ వేడితో మంచుగడ్డను తయారుచేసి చూపాడు. ఎండతో మంచు చేయవచ్చునని లోకానికి బహిరంగంగా నిరూపించిన తొలి ప్రదర్శనల్లో ఇది ఒకటి.

అయితే బొగ్గు చౌకగా లభించడం వల్ల మూషో ప్రయత్నానికి ఆదరణ నిలవలేదు. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ ఒక ముద్రణాలయం కోసం గాలిలోని తేమను అదుపు చేసే యంత్రాన్ని రూపొందించాడు. ఆధునిక ఏసీ చరిత్ర అక్కడి నుంచి మొదలవుతుంది. క్రమంగా విద్యుత్తుతో నడిచే కంప్రెసర్ యంత్రాలే సర్వత్రా వ్యాపించాయి. వేడితో నడిచే యంత్రాలు వ్యర్థమైన ఆవిరి లభించే కర్మాగారాల వంటి చోట్లకు పరిమితమయ్యాయి.

4. సౌరశీతలీకరణ పద్ధతులు

సూర్యరశ్మిని చల్లదనంగా మార్చే పద్ధతులను రెండుగా విభజించవచ్చు. రశ్మిని వేడిగా గ్రహించి, ఆ వేడితో యంత్రాన్ని నడపడం ఒకటి. రశ్మిని విద్యుత్తుగా మార్చి, మామూలు ఏసీని నడపడం రెండోది.

4.1 వేడితో నడిచే శోషణయంత్రం

వానకాలంలో ఉప్పుజాడీ మూత తీసి ఉంచితే ఉప్పు చెమ్మగిల్లుతుంది. గాలిలోని నీటి ఆవిరిని ఉప్పు పీల్చుకోవడమే ఇందుకు కారణం. శోషణయంత్రం ఈ గుణాన్నే వాడుకొంటుంది. ఇందులో లిథియం బ్రోమైడ్ అనే లవణద్రావణం, శీతలకంగా మామూలు నీరు ఉంటాయి. యంత్రంలోని ఒక అరలో పీడనాన్ని వాతావరణ పీడనంలో నూరోవంతుకు తగ్గిస్తారు. అంత తక్కువ పీడనంలో నీరు 5 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని భవనం నుంచి వచ్చే నీటి గొట్టాల నుంచి తీసుకొంటుంది. ఆ గొట్టాల్లోని నీరు చల్లబడి గదులకు చేరుతుంది. ఆవిరిని పక్కనున్న లవణద్రావణం పీల్చుకొంటుంది.

ఆవిరిని పీల్చుకొన్న ద్రావణం పలచబడి, ఇక పీల్చుకోలేని స్థితికి వస్తుంది. దానిని మళ్ళీ చిక్కబరచడానికే సూర్యుడి వేడి కావాలి. సౌరసంగ్రాహకాల నుంచి 80 – 95 డిగ్రీల వేడినీరు అందితే ద్రావణంలోని నీరు ఆవిరై విడిపోతుంది. ఆ ఆవిరి చల్లబడి నీరుగా మారి, మళ్ళీ మొదటి అరకు చేరుతుంది. కంప్రెసర్ చేసే పనిని ఇక్కడ లవణమూ, ఎండా కలిసి చేస్తాయి. విద్యుత్తు పంపులకు మాత్రమే కావాలి. వాతావరణానికి హాని చేసే రసాయన శీతలకాలు ఇందులో లేకపోవడం ముఖ్యమైన సుగుణం.

ఒకే దశలో పనిచేసే ఇటువంటి యంత్రం గుణకం 0.7 మాత్రమే. వేడిని రెండు, మూడు దశల్లో తిరిగి వాడుకొనే యంత్రాల గుణకం 1.2 నుంచి 1.7 వరకు ఉంటుంది. కాని వాటికి 150 నుంచి 200 డిగ్రీలకు మించిన వేడి కావాలి. అందుకు సూర్యుడిని అనుసరించి తిరిగే దర్పణాలు అవసరమవుతాయి. భారతదేశంలో ఈ పద్ధతికి గుర్తించదగిన ఉదాహరణలు ఉన్నాయి. గుజరాత్‌లోని గోరజ్‌లో ముని సేవా ఆశ్రమం షెఫ్లర్ దర్పణాలతో ఆవిరిని ఉత్పత్తి చేసి, తన ఆసుపత్రిని చల్లబరచే శోషణయంత్రాన్ని నడిపింది. గురుగ్రామ్ సమీపంలోని సౌరశక్తి కేంద్రంలో మూడు దశల శోషణయంత్రాన్ని నెలకొల్పి పరీక్షించారు. ఆ కేంద్రమే ప్రస్తుతం జాతీయ సౌరశక్తి సంస్థగా ఉంది.

4.2 అధిశోషణ, ఆర్ద్రతాహరణ

శోషణలో ఆవిరి ద్రవంలో కలిసిపోతుంది. అధిశోషణలో ఆవిరి ఘనపదార్థపు ఉపరితలానికి అంటుకొంటుంది. కొత్త చెప్పుల పెట్టెల్లో, మందుసీసాల్లో కనిపించే చిన్న పొట్లాల్లోని సిలికాజెల్ ఇటువంటి ఘనపదార్థమే. దీనితో నడిచే యంత్రాలకు ఇంకా తక్కువ వేడి సరిపోతుంది. కాని అవి పరిమాణంలో పెద్దవి, గుణకం కూడా తక్కువ.

సిలికాజెల్‌ను గాలిలోని తేమను తొలగించడానికి నేరుగా కూడా వాడవచ్చు. తేమను పీల్చుకొన్న పదార్థాన్ని సౌరతాపంతో వేడిచేసిన గాలితో ఆరబెట్టి మళ్ళీ వాడతారు. ఈ ఆర్ద్రతాహరణ పద్ధతి తెలుగువారి కోస్తా ప్రాంతానికి తగినది. అనంతపురం, ఆదిలాబాద్ వంటి పొడి ప్రాంతాల వేసవిలో కూలర్ బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం, కాకినాడ, విశాఖపట్నాల్లో గాలి అప్పటికే తేమతో నిండి ఉండడం వల్ల నీరు త్వరగా ఆవిరి కాదు. కూలర్ గదిని ఉక్కపోతతో నింపుతుంది. అటువంటి చోట ముందు తేమను తొలగిస్తే చల్లబరచే పని తేలికవుతుంది.

4.3 విద్యుత్తుతో నడిచే పద్ధతి

సౌరఫలకాలు సూర్యరశ్మిని నేరుగా విద్యుత్తుగా మారుస్తాయి. ఆ విద్యుత్తుతో ఇన్వర్టర్ ఏసీని నడపవచ్చు. ఇందులో కొత్త శీతలీకరణ యంత్రమేదీ లేదు. విద్యుత్తు వచ్చే మూలం మాత్రమే మారింది. ఫలకాలకు వెలుగు మేలు చేస్తుంది, వేడి కీడు చేస్తుంది. ఫలకం వేడి 25 డిగ్రీలకు మించిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.35 – 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ఫలకం 65 డిగ్రీల వరకు వేడెక్కితే దాదాపు 15 శాతం ఉత్పత్తి కోల్పోవలసి వస్తుంది.

4.4 రెండు పద్ధతుల పోలిక

నిర్మలమైన ఆకాశం కింద సూర్యుడికి ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు తలం మీద మధ్యాహ్నం దాదాపు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. వేడితో నడిచే పద్ధతిలో సంగ్రాహకం అందులో సగాన్ని, అంటే 500 వాట్లను, యంత్రానికి చేర్చిందనుకొందాం. గుణకం 0.7 అయితే లభించే చల్లదనం 350 వాట్లు. విద్యుత్ పద్ధతిలో 20 శాతం సామర్థ్యం గల ఫలకం, వేడివల్ల కలిగే నష్టం పోగా, 170 వాట్ల విద్యుత్తునిస్తుంది. ఏసీ గుణకం 3.5 అయితే చల్లదనం దాదాపు 600 వాట్లు. మొదటిచూపులో 50 శాతం గ్రహించే పద్ధతే మేలనిపించినా, చివరి లెక్కలో 17 శాతం గ్రహించే పద్ధతి ముందుంటుంది. దీనికి 2010 తరువాతి దశాబ్దంలో సౌరఫలకాల ధర దాదాపు పదోవంతుకు పడిపోవడం తోడైంది. ఇళ్ళకు, చిన్న కార్యాలయాలకు విద్యుత్ పద్ధతే వ్యాపించడానికి ఇవే ప్రధాన కారణాలు.

నీటి వినియోగాన్నీ ఈ పోలికలో చేర్చాలి. యంత్రం గది నుంచి తీసిన వేడితో పాటు తనను నడిపిన వేడిని కూడా బయటికి వదలాలి. గుణకం 0.7 ఉన్న శోషణయంత్రం ఒక యూనిట్ వేడిని తొలగిస్తే బయటికి వదలవలసింది దాదాపు 2.4 యూనిట్లు. ఇందుకు శీతలగోపురంలో నీటిని ఆవిరి చేస్తారు. లెక్కగడితే ఒక టన్ను యంత్రం గంటసేపు పనిచేయడానికి సుమారు 12 లీటర్ల నీరు ఆవిరవుతుంది. నీటితో చల్లబరచే కంప్రెసర్ యంత్రానికి అందులో సగం చాలు. ఇళ్ళలో వాడే గాలిచల్లని ఏసీకి నీరే అక్కరలేదు. వేసవిలో ట్యాంకర్ల మీద ఆధారపడే పట్టణాలకు ఈ తేడా చిన్నది కాదు. అయితే ఆసుపత్రులు, హోటళ్ళు, పాలకేంద్రాల వంటి చోట వేడినీరు ఏడాది పొడవునా అవసరం. అక్కడ సౌరసంగ్రాహకాలు రెండు పనులకూ ఉపయోగపడతాయి కనుక శోషణయంత్రం నేటికీ పరిశీలించదగినదే.

5. కార్యాలయం: పగటి అవసరం

కార్యాలయం ఉదయం తొమ్మిదికి తెరుచుకొని సాయంత్రం ఆరుకు మూతపడుతుంది. సౌరవిద్యుత్తు ఉత్పత్తి కూడా దాదాపు ఆ వేళల్లోనే సాగుతుంది. నిలవ చేయవలసిన అవసరం తక్కువ కావడంతో కార్యాలయానికీ సౌరశీతలీకరణకూ సహజమైన పొత్తు కుదురుతుంది. పాఠశాలలు, కళాశాలలు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు అన్నీ ఈ కోవకే చెందుతాయి.

ఇక్కడ ఎదురయ్యే పరిమితి కప్పు వైశాల్యం. ఒక్కో అంతస్తు 1,000 చదరపు మీటర్లున్న పది అంతస్తుల భవనాన్ని ఊహించవచ్చు. చదరపు మీటరుకు 100 వాట్ల చొప్పున ఒక్కో అంతస్తుకు 100 కిలోవాట్ల చల్లదనం, అందుకు దాదాపు 28 కిలోవాట్ల విద్యుత్తు కావాలి. నీటిట్యాంకులు, లిఫ్టు గది పోగా కప్పులో సగం మిగిలితే, కిలోవాటుకు 10 చదరపు మీటర్ల లెక్కన 50 కిలోవాట్ల ఫలకాలు పడతాయి. మధ్యాహ్నం వాటి నుంచి వచ్చే 40 కిలోవాట్లు ఒకటిన్నర అంతస్తులకు సరిపోతాయి. మిగిలిన ఎనిమిదిన్నర అంతస్తులకు విద్యుత్తు మరోచోటి నుంచి రావాలి. ఒకటి రెండు అంతస్తుల మండల కార్యాలయానికి, గ్రామీణ కళాశాలకు ఈ సమస్య లేదు. సౌరశీతలీకరణ అద్దాల మేడలకన్నా ఇటువంటి సాధారణ భవనాలకే ఎక్కువగా నప్పుతుందని ఈ లెక్క సూచిస్తున్నది.

ఎత్తైన భవనాల్లో ముందు చేయవలసింది అవసరాన్ని తగ్గించడం. ఇందుకు హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ భవనం చక్కని ఉదాహరణ. 2011లో పూర్తయిన ఆ భవనాన్ని రెండు సమభాగాలుగా నిర్మించారు. ఒక భాగంలో సాధారణ ఏసీ వ్యవస్థను, రెండో భాగంలో కాంక్రీటు పలకల్లో అమర్చిన గొట్టాల ద్వారా చల్లనీటిని ప్రవహింపజేసే వ్యవస్థను ఏర్పాటుచేశారు. రెండో భాగం శీతలీకరణకు దాదాపు మూడోవంతు తక్కువ శక్తిని వాడినట్లు కొలతల్లో తేలింది. పలకలను చల్లబరచే నీరు మరీ చల్లగా ఉండనక్కరలేదు కనుక యంత్రం గుణకం మెరుగవుతుంది. సౌరశక్తితో నడిచే యంత్రాలకు కూడా ఇది అనుకూలమైన పరిస్థితి.

6. ఇల్లు: రాత్రి అవసరం

ఇంటి పరిస్థితి దీనికి భిన్నం. ఉద్యోగస్తులు, విద్యార్థులు పగలు బయట ఉంటారు. ఇంట్లో ఏసీ ప్రధానంగా పడకగదిలో, రాత్రి పది నుంచి తెల్లవారే వరకు నడుస్తుంది. ఆ సమయంలో ఫలకాల ఉత్పత్తి శూన్యం. పైగా కాంక్రీటు డాబా మధ్యాహ్నపు వేడిని వెంటనే లోపలికి వదలదు. పైతలాన్ని తాకిన వేడి కొన్ని గంటలు ఆలస్యంగా, సాయంత్రానికి లోపలి తలానికి చేరి, పొద్దుపోయే వరకు గదిలోకి వెలువడుతూనే ఉంటుంది. పై అంతస్తులో ఉండేవారికి రాత్రి పది గంటలకు కూడా ఫ్యాను గాలి వేడిగా తగలడానికి కారణం ఇదే. సూర్యుడు అస్తమించినా అతడి వేడి ఇంట్లోనే ఉంటుంది; అతడి శక్తి మాత్రం అందుబాటులో ఉండదు. సౌరశీతలీకరణలోని అసలు చిక్కు ఇక్కడే ఉంది.

6.1 కప్పు రక్షణ

పూర్వపు కట్టడాల్లో ఈ చిక్కు ఇంత తీవ్రంగా ఉండేది కాదు. తాటాకు కప్పు తన పొరల మధ్య గాలిని నిలిపి వేడిని అడ్డుకొంటుంది. రాయలసీమ మట్టిమిద్దె మందంగా ఉండి వేడిని చాలా ఆలస్యంగా లోపలికి పంపుతుంది. పెంకుటింటి సందుల నుంచి వేడిగాలి పైకి పోతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పలక, సిమెంటు రేకు ఈ గుణాలేవీ లేకుండా వాటి స్థానంలో వచ్చాయి.

మాసిన సిమెంటు డాబా తనపై పడిన ఎండలో సుమారు 30 శాతాన్నే తిరిగి పంపుతుంది. కొత్తగా తెల్లని పూత వేస్తే 80 శాతం వరకు పంపుతుంది. అంటే చదరపు మీటరుకు డాబా పీల్చే శక్తి మధ్యాహ్నం 700 వాట్ల నుంచి 200 వాట్లకు తగ్గుతుంది. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో అల్పాదాయ కుటుంబాల ఇళ్ళపై చల్లని కప్పు పరీక్ష జరిగింది. కప్పు వేసిన ఇళ్ళ లోపలి వేడి, వేయని ఇళ్ళకన్నా సగటున 2 డిగ్రీలు తక్కువగా నమోదైంది. దుమ్ము పేరుకొంటే పూత గుణం తగ్గుతుంది కనుక ఏటా వేసవికి ముందు కడగడం అవసరం.

సౌరఫలకాలు కూడా కప్పుకు నీడనిస్తాయి. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రకటించిన అధ్యయనంలో ఫలకాల కింద కప్పుకు చేరే వేడి 38 శాతం తగ్గినట్లు గుర్తించారు. అయితే ఫలకాలు రాత్రివేళ కప్పు వేడిని ఆకాశంలోకి పోనీయకుండా కొంత అడ్డుకొంటాయి కూడా. అది చలిదేశాలకు లాభం, మనకు నష్టం. ఫలకాలను కప్పుకు ఆనించకుండా ఎత్తుగా, కింద గాలి ఆడేటట్లు అమర్చితే కప్పూ ఫలకమూ రెండూ చల్లగా ఉంటాయి.

6.2 పగటిశక్తిని రాత్రికి నిలపడం

ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి 8 గంటలు నడిస్తే సుమారు 5 యూనిట్ల విద్యుత్తు వాడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఒక కిలోవాటు సౌరఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. అంటే ఒక ఏసీకి ఒకటింపావు కిలోవాటు ఫలకాలు, 12 చదరపు మీటర్ల చోటు చాలు. ఉత్పత్తి కన్నా నిలవే కష్టమని దీనివల్ల స్పష్టమవుతుంది. నిలవకు నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది నెట్‌మీటరింగ్. పగటి ఉత్పత్తిని విద్యుత్ సంస్థకిచ్చి, రాత్రి తిరిగి తీసుకోవడం. ఇంటి యజమానికి ఇది సులభమైన మార్గం. కాని ఇది లెక్కల్లో జరిగే నిలవ మాత్రమే. రాత్రి ఆ ఇంటి ఏసీని నడిపే విద్యుత్తు అధికభాగం బొగ్గు కేంద్రాల నుంచే వస్తుంది. బిల్లు సున్నా అయినంత మాత్రాన చల్లదనం సౌరశక్తిది అయినట్లు కాదు.

రెండోది బ్యాటరీ. ఇది నిజమైన నిలవ; ఖర్చుతో కూడినది, కొన్నేళ్ళకు మార్చవలసినది.

మూడోది చల్లదనాన్నే నిలపడం. పై ఉదాహరణలోని ఒక రాత్రి చల్లదనానికి సమానమైన నిలవ కావాలంటే దాదాపు 190 కిలోల మంచు, అంటే ఒక పెద్ద నీళ్ళడ్రమ్ము పట్టేంత మంచు సరిపోతుంది. 8 డిగ్రీల తేడాతో చల్లనీటి రూపంలో నిలపాలంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు కావాలి. మంచు తక్కువ చోటు తీసుకొన్నా, దాన్ని తయారుచేసేటప్పుడు యంత్రం గుణకం తగ్గుతుంది. పెద్ద భవనాల్లో ఈ పద్ధతి చాలాకాలంగా వాడుకలో ఉంది. ఒక్కో ఇంటికన్నా అపార్టుమెంటు సముదాయానికి ఇది తగినది.

నాలుగోది ఇంటి గోడలనే నిలవగా వాడుకోవడం. సాయంత్రం ఎండ తగ్గకముందే సౌరవిద్యుత్తుతో ఏసీని కొంతసేపు నడిపి గోడలను, నేలను చల్లబరిస్తే రాత్రి భారం తగ్గుతుంది. అయితే కప్పుకు బయటివైపు ఎండ రక్షణ ఉన్నప్పుడే ఇది ఫలిస్తుంది. వేడెక్కిన డాబా కింద ముందుగా చల్లబరచడం చిల్లుకుండలో నీరు పోసినట్లవుతుంది.

7. ఏసీ లేని ఇళ్ళు

ఇంతవరకు చెప్పిన పద్ధతుల్లో ఎక్కువ భాగం ఏసీ కొనగలవారికి సంబంధించినవి. రేకుల ఇంట్లో ఉండే కుటుంబానికి సౌరశక్తి చేయగల మేలు వేరుగా ఉంటుంది. పాతరకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకొంటుంది. ‘బీఎల్‌డీసీ’ అని పిలిచే కొత్తరకం మోటారు ఫ్యానుకు 30 వాట్లు చాలు. రాత్రి 10 గంటలు నడిస్తే అది వాడేది 0.3 యూనిట్ మాత్రమే. 100 వాట్ల చిన్న ఫలకం, ఒక చిన్న బ్యాటరీ ఆ అవసరాన్ని తీరుస్తాయి. దీనికి కప్పుపై తెల్లని పూత తోడైతే కరెంటు పోయిన రాత్రి కూడా ఆ కుటుంబం నిద్రపోగలుగుతుంది.

దీని పరిమితిని కూడా గుర్తించాలి. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను శరీరాన్ని చల్లబరచకపోగా మరింత వేడెక్కించవచ్చు. అందువల్ల అటువంటి చోట ఫలకాల కన్నా ముందు కప్పు సంగతి చూడాలి. వడగాడ్పుల రోజుల్లో పగటిపూట ఆశ్రయమివ్వడానికి సౌరశక్తితో చల్లబరచిన పాఠశాల లేదా పంచాయతీ భవనం ఉపయోగపడుతుంది. వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే పాఠశాల భవనాల మీది సౌరఫలకాలకు ఇంతకు మించిన సద్వినియోగం ఉండదు.

8. ప్రభుత్వ విధానాలు

2019 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ‘భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక’ 2037–38 నాటికి అన్ని రంగాల్లో శీతలీకరణ అవసరాన్ని 20 నుంచి 25 శాతం, అందుకు కావలసిన శక్తిని 25 నుంచి 40 శాతం తగ్గించాలని లక్ష్యంగా పెట్టుకొంది. 2020 జనవరి 1 నుంచి గది ఏసీలన్నీ 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు తయారుచేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్ ప్రాంతంలో, ఈ పరిధిలోకి తేవడం దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకూ దీన్ని తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం. బస్తీల్లో ప్రజలు తామే కట్టుకొన్న రేకుల ఇళ్ళు ఈ ఐచ్ఛిక వర్గంలోకే వస్తాయి. దేవరకొండ బస్తీ పరీక్ష ఎవరికి మేలు జరుగుతుందని చూపిందో, వారి ఇళ్ళకు నిబంధన కన్నా ఆర్థికసాయం ఎక్కువ అవసరం.

2024 ఫిబ్రవరిలో మొదలైన ‘పీఎం సూర్యఘర్’ పథకం కోటి ఇళ్ళపై సౌరఫలకాలు అమర్చాలని నిర్దేశించింది. 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల రాయితీ ఇందులో లభిస్తుంది. సొంతకప్పు, అదీ ఫలకాల బరువు మోయగల కప్పు ఉన్నవారికి ఇది మంచి అవకాశం. అద్దె ఇళ్ళవారికీ, రేకుల ఇళ్ళవారికీ దీని ఫలం నేరుగా అందడం కష్టం. పైగా రాయితీ ఫలకాల సామర్థ్యాన్ని బట్టి లభిస్తుంది గాని, కప్పు రక్షణను బట్టి కాదు. రెండు పథకాలనూ జోడించి, ఫలకాలు అమర్చే కప్పుకు తెల్లని పూత కూడా వేయించగలిగితే అదే ఖర్చుతో ఎక్కువ ఫలితం లభిస్తుంది.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• సూర్యరశ్మిని చల్లదనంగా మార్చే పద్ధతుల్లో విద్యుత్ మార్గం ప్రస్తుతం ముందంజలో ఉంది. వేడినీటి అవసరం ఏడాది పొడవునా ఉండి, నీటికి కొరత లేని చోట శోషణయంత్రానికి స్థానముంది.

• కార్యాలయాల అవసరమూ ఎండ వేళలూ ఏకకాలంలో ఉంటాయి. ఒకటి రెండు అంతస్తుల ప్రభుత్వ, విద్యాసంస్థల భవనాలు సౌరశీతలీకరణకు అత్యంత అనుకూలమైనవి.

• ఇంటి అవసరం రాత్రిది. అక్కడ కప్పు రక్షణ మొదటి మెట్టు, నిలవ రెండో మెట్టు, ఫలకాలు ఆ తరువాతి మెట్టు. ఈ వరుస తారుమారైతే డాబా మీద ఫలకాలుండి కూడా రాత్రి బొగ్గు విద్యుత్తుతోనే ఇంటిని చల్లబరచుకోవలసి వస్తుంది.

• ఏసీ లేని కుటుంబాలకు తెల్లని కప్పు, తక్కువ విద్యుత్తుతో నడిచే ఫ్యాను, చిన్న ఫలకం కలిస్తే అదే సౌరశీతలీకరణ. విధానాల్లో దీనికి ఇంకా తగిన చోటు లభించలేదు.

సౌరశీతలీకరణ సాఫల్యాన్ని ఇప్పటివరకు కిలోవాట్లలో, యూనిట్లలో కొలుస్తున్నారు. మే నెలలో రాత్రి పది గంటలకు రేకుల ఇంటిలో, డాబా కింది గదిలో వేడి ఎన్ని డిగ్రీలు తగ్గిందన్నది కూడా ఆ కొలతల్లో చేరాలి. వడగాడ్పుల మరణాలను తగ్గించే శక్తి ఈ సాంకేతికతకు ఎంత ఉందో ఆ కొలతే తేల్చగలదు.